ఇల్లు కట్టించువారు, ఇల్లు కట్టువారు

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అని మన పెద్దలు ఊరక అనలేదు. ఈ రెండు పనులలోను మనిషి తాను జీవితమంతయు కూడబెట్టినదానిని కొద్ది మాసములలో ఇతరుల చేతిలో పెట్టవలసివచ్చును. రెండింటిలోను చుట్టములు చెప్పు సలహాలకు కొదువ ఉండదు. అయితే పెళ్లిపనిలో పొరపాటు జరిగినచో బంధువులు నాలుగు దినములు చెప్పుకొని మరచిపోవుదురు. ఇంటిపనిలో జరిగిన పొరపాటు గోడలో నిలిచిపోవును. ప్రతి వానకాలమునందును మనలను పలుకరించును.

ఈనాటి ప్రసంగములో నేను వాస్తును గురించి గాని, ఇంటి అందచందములను గురించి గాని చెప్పబోవుట లేదు. ఖాళీస్థలము మీద పునాది మొదలు పిట్టగోడ వరకు ఇంటిని మొత్తముగా ఒప్పుకొని కట్టియిచ్చు మనిషిని, అనగా గుత్తేదారును, వాడుకలో కంట్రాక్టరును, కుదుర్చుకొనుట ఎట్లు అన్నదియే నా విషయము. నేను ఇంజనీరును కాను. చెప్పబోవు సంగతులలో కొన్ని ఇంజనీర్లను అడిగి తెలిసికొన్నవి, కొన్ని పుస్తకములలో చూచినవి. అన్నిటికంటె ముఖ్యమైనది మాత్రము మా ఇంట నష్టపడి నేర్చుకొన్నది. దానితోనే ఆరంభించెదను.

మా తండ్రిగారు పాఠశాలలో ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి పొందిరి. 2014లో, చేతికి వచ్చిన భవిష్యనిధి సొమ్ముతో, ఉన్న ఊరిలోనే ఒక ఇల్లు కట్టించుకొనవలెనని సంకల్పించిరి. 1500 చదరపు అడుగుల ఇల్లు; చదరపు అడుగునకు 1600 రూపాయలు; మొత్తము 24 లక్షలు. గుత్తేదారు మా దూరపు చుట్టమొకరికి తెలిసినవాడు, మాట మంచివాడు. ఒప్పందము నోటుపుస్తకములోని ఒక పుటలో సగము కూడ నిండలేదు. ముగ్గు పోసిన నాడు 5 లక్షలు, పునాదులు పైకి రాకముందే మరి 6 లక్షలు, “ఇనుము ధర పెరిగేట్టుందండీ, ఇప్పుడే కొని పడేద్దాం” అని ఇంకొక 7 లక్షలు పుచ్చుకొనెను. మేము సందేహము వెలిబుచ్చినపుడెల్ల, “మాస్టారూ, మీకెందుకండీ దిగులు? మీ ఇల్లు మా ఇల్లు కాదా?” అనెడివాడు. గోడలు లింటెలు మట్టమునకు వచ్చునప్పటికి 18 లక్షలు చెల్లిపోయినవి. అంతవరకు జరిగిన పని విలువ ఎంత అని తరువాత ఒక ఇంజనీరుగారి చేత లెక్క వేయించగా 11 లక్షలుగా తేలినది. ఒకనాటి ఉదయము పనివారు రాలేదు. మరునాడును రాలేదు. మరి రానేలేదు.

చాల దినములకు మాకు తెలిసినదేమనగా, ఆ మనిషి దొంగ కాడు. మా సొమ్ముతో అతడు మేడలు కట్టుకొనలేదు. మాకంటె ముందు ఒప్పుకొన్న మరియొక ఇంటిలో అతడు నష్టపోయెను. మా బయానాతో ఆ ఇంటి స్లాబు వేసెను. మా ఇంటి స్లాబునకు, తరువాత రాబోవు మూడవ ఇంటి బయానా కొరకు ఎదురుచూచెను. ఆ మూడవ ఇల్లు రాలేదు. మా అమ్మగారి నగలు కుదువకు వెళ్లినవి. వేరొక మేస్త్రిని పెట్టుకొని, రెండేండ్లకు గృహప్రవేశము చేసితిమి. పులిసిన పిండి వలె ఆ దుఃఖము కొంతకాలము ఇంటిలో ఉండి తగ్గిపోయినది గాని, ఒక పాఠము మిగిలినది: ఇంటిపనిలో డబ్బు పని వెనుక నడవవలెను, పనికి ముందు నడవరాదు. ఈ పూట నేను చెప్పదలచినదంతయు ఈ ఒక్క వాక్యమునకు వ్యాఖ్యానమే.

ఈ చిక్కు నేటిది కాదు. సుమారు 3,750 సంవత్సరముల క్రిందట బాబిలోనును ఏలిన హమ్మురాబి శిలాశాసనములో ఇల్లు కట్టువాని బాధ్యతకు సంబంధించిన నిబంధనలు ఉన్నవి. కట్టిన ఇల్లు కూలి యజమాని మరణించినచో కట్టినవానికి మరణశిక్ష. గోడ ఒరిగినచో స్వంత ఖర్చుతో దానిని గట్టిపరచవలెను. ఆ శాసనములోనే అతనికి ఇవ్వవలసిన ప్రతిఫలము కూడ ఇంటి వైశాల్యమునకు ఇంత వెండి అని నిర్ణయింపబడినది. అనగా చదరపు అడుగు లెక్క మన మేస్త్రీలు కనిపెట్టినది కాదు! మనకు అంతటి కఠినశిక్షలు అక్కరలేదు. ఒక కాగితము, కొంత ఓపిక, పని జరుగు చోటికి వెళ్లి చూచు అలవాటు ఉన్నచో చాలును.

గుత్తేదారును వెదకుటకు ముందు చేయవలసిన పనులు రెండు కలవు. మొదటిది నేలను తెలిసికొనుట. కృష్ణా, గుంటూరు ప్రాంతములలోను, తెలంగాణలోని అనేక జిల్లాలలోను నల్లరేగడి నేలలు విస్తారముగా ఉన్నవి. ఈ మన్ను వానకు ఉబ్బును. ఎండకు కుంచించుకొని నెరలు విచ్చును. దానిపై మామూలు పునాది వేసిన ఇల్లు ఏటేట లేచి దిగుచుండును. గోడలలో ఏటవాలు బీటలు కనబడును. ఇట్టి నేలలకు అడుగున ఉబ్బుగా ఉండునట్లు దించు పైల్ పునాదుల పద్ధతి కలదు. రూర్కీలోని కేంద్ర గృహనిర్మాణ పరిశోధన సంస్థ దీనిపై విశేషమైన కృషి చేసినది. మన స్థలమునకు అది కావలెనా, వేరొకటి చాలునా అన్నది మన్ను పరీక్ష చేయించి ఇంజనీరు చెప్పవలెను. “పక్కింటివాళ్లు అయిదడుగులే తవ్వారండీ” అను మాట పరీక్ష కానేరదు.

రెండవది ప్లానులు. గదులు ఎక్కడ ఉండునో చూపు పటము ఒక్కటే చాలదు. పునాదులు, స్తంభములు, దూలములు, స్లాబు ఏ కొలతలలో ఉండవలెనో, ఏ చోట ఎన్ని చువ్వలు, ఎంత లావువి పడవలెనో చూపు పటములను స్ట్రక్చరల్ ఇంజనీరు ప్రత్యేకముగా తయారుచేయవలెను. ఇది అనవసరపు ఖర్చని చాలమంది తలచుదురు. కాని ఈ పటములు లేనిదే గుత్తేదారుల ధరలను పోల్చి చూచుటకు వీలే లేదు. ఒకడు 12 మిల్లీమీటర్ల చువ్వను మనసులో పెట్టుకొని ధర చెప్పును. ఇంకొకడు 16 మిల్లీమీటర్ల చువ్వను తలచుకొని చెప్పును. తక్కువ ధర చెప్పినవాడు చవకవాడని మనము సంతోషింతుము. పురపాలకసంఘపు అనుమతిని కూడ “అదంతా నేను చూసుకుంటానులెండి” అని గుత్తేదారు అన్నంతమాత్రమున విడువరాదు. హద్దు విడువక కట్టినందుకు వచ్చు నోటీసు యజమాని పేరనే వచ్చును.

ఇక గుత్తలో రకములు. కూలి గుత్తలో సిమెంటు, ఇనుము, ఇసుక, ఇటుక యజమాని కొని పెట్టును. మేస్త్రి పనివారిని తెచ్చి పని చేయించును. ఇందులో సరుకు నాణ్యము మన చేతిలో ఉండును గాని, దినమంతయు మనిషి అక్కడ ఉండవలెను. ఉద్యోగస్థులకు ఇది కష్టము. సామానుతో సహా గుత్తలో అంతయు గుత్తేదారునిదే; మనకు శ్రమ తక్కువ, గమనింపు మాత్రము ఎక్కువ అవసరము. మూడవ పద్ధతి ఒకటి కలదు: ప్రతి పనికి వేరువేరు ధర నిర్ణయించి, జరిగిన పనిని కొలిచి చెల్లించుట. తవ్వకమునకు ఘనపుటడుగునకు ఇంత, గోడపూతకు చదరపు అడుగునకు ఇంత అని. మూడింటిలో ఇది న్యాయమైనది. కాని కొలత తెలిసిన మనిషి మన పక్షమున ఉండవలెను. ఎక్కువమంది రెండవ పద్ధతినే అవలంబించుచున్నారు గనుక ఇకమీద దానినే ఎక్కువగా ప్రస్తావించెదను.

మనిషిని ఎన్నుకొనుట ఎట్లు? అతడు క్రొత్తగా కట్టి, సున్నము ఆరని ఇంటిని చూపించును. అది చూడవలసినదే, కాని అయిదేండ్ల క్రిందట కట్టిన ఇంటిని కూడ చూపుమని అడుగవలెను. ఆ ఇంటి స్నానపుగది వెలుపలి గోడను చూడవలెను. తడి దిగుచున్నదా లేదా తెలియును. డాబా మీద నీళ్లు నిలుచు చోటు ఉన్నదేమో చూడవలెను. ఆ ఇంటి ఇల్లాలిని, “అమ్మా, ఇల్లు అప్పగించిన తరువాత పిలిస్తే ఈయన వచ్చాడా?” అని అడుగవలెను. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చు జవాబు వంద సిఫారసులకు సమానము. ఇంకొక ప్రశ్న గుత్తేదారునే అడుగవలెను: “ఇప్పుడు మీ చేతిలో ఎన్ని ఇళ్లు ఉన్నాయి? అవి ఎంతవరకు వచ్చాయి?” ఆ ఇండ్లకు ఒకసారి వెళ్లి చూచి రావలెను. సగములో ఆగి, గడ్డి మొలచిన పునాది ఒకటి కనబడినచో, మన బయానా ఎక్కడికి పోవునో అది చెప్పకనే చెప్పుచున్నది. మేము ఈ ప్రశ్న అడుగలేదు.

ముగ్గురి దగ్గరనైనను ధర అడుగుట మంచిది. ముగ్గురికిని అవే పటములు ఇవ్వవలెను. ముగ్గురిలో ఇద్దరు దగ్గర దగ్గరగా చెప్పి, మూడవవాడు చాల తక్కువ చెప్పినచో సంతోషింపక భయపడవలెను. అతడు ఏదో ఒక పనిని లెక్కలో మరచిపోయి ఉండవలెను. లేదా సరుకులో తగ్గింపనుండవలెను. కాకున్న మన బయానా అతనికి అత్యవసరమై ఉండవలెను.

చదరపు అడుగు ధర అనునది వినుటకు చక్కగా ఉండును. ఏ చదరపు అడుగు? గోడల మందముతో కలిపియా, కలుపకయా? బాల్కనీ పూర్తి లెక్కయా, సగమా? మెట్లపై గది లెక్కకు వచ్చునా? పిట్టగోడ, ప్రహరీగోడ, నీళ్ల తొట్టి, సెప్టిక్ ట్యాంకు, బోరు, కిటికీలపై సజ్జలు, ఇంటి ముందరి ర్యాంపు, ఇవి ధరలో చేరినవా? తగాదాలు ఎక్కువగా ఇక్కడనే పుట్టును. “అది మన మాటలో లేదండీ” అను వాక్యము పని చివరలో యజమాని వినునంతగా మరి ఏ వాక్యమును వినడు. కాబట్టి చేరినవాటి జాబితా వ్రాయవలెను. చేరనివాటి జాబితా అంతకంటె శ్రద్ధగా వ్రాయవలెను.

ఇక ఒప్పందపు కాగితము. మనలో ఒక మొగమాటము కలదు. కాగితమన్నచో అవతలి మనిషిని నమ్మలేదనుట అని మన భావము. ఇది పొరపాటు. కాగితము నమ్మకమునకు విరోధి కాదు, దానికి కాపలాదారు. ఆరుమాసముల తరువాత ఇద్దరికిని జ్ఞాపకశక్తి తగ్గును. ఎవరికి లాభమైన మాట వారికి గుర్తుండును. మంచి గుత్తేదారు కూడ కాగితమును కోరును. ఏలన, చివరి వాయిదా ఎగవేయు యజమానులు లోకములో తక్కువ లేరు.

కాగితములో ఉండవలసిన వానిని క్లుప్తముగా చెప్పెదను. ఇరువురి పేర్లు, చిరునామాలు, స్థలము వివరములు. పటములు ఒప్పందములో భాగమని ఒక వాక్యము, ప్రతి పటము మీద ఇద్దరి సంతకములు. సిమెంటు ఏ రకము, ఇనుము ఏ శ్రేణి, ఇటుక మట్టిదా, బూడిద ఇటుకయా, ఇసుక ఏటిదా, రోబో ఇసుకయా. గచ్చు పలకలు చదరపు అడుగు ఎంత ధరవి, తలుపులు ఏ కర్రవి, తీగలు, గొట్టములు, కుళాయిలు ఏ తరగతివి. “మంచి రకము” అని వ్రాసినచో ఏమియు వ్రాయనట్లే. జి.ఎస్.టి. ధరలో కలిసినదా, వేరా. పనికి కరెంటు, నీళ్లు ఎవరివి. పని ఆరంభించు తేదీ, ముగించు తేదీ. ఆలస్యమైనచో వారమునకు ఇంత అని పరిహారము. ఈ పరిహారమును గురించి ఒక మాట: 1872 నాటి భారత ఒప్పందముల చట్టము 74వ సెక్షను ప్రకారము కాగితములో వ్రాసికొన్న మొత్తమునకు మించకుండ, న్యాయమైన పరిహారము మాత్రమే న్యాయస్థానము ఇప్పించును. కాబట్టి బెదిరించుటకు పెద్ద అంకె వ్రాయుటకంటె, ఆలస్యమునకు మనము కట్టు ఇంటి అద్దె ఎంతయో చూచి తగినంత వ్రాయుట మేలు.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన వాయిదాల సంగతి. ఉదాహరణకు గుత్త మొత్తము 30 లక్షలు అనుకొందము. సంతకమునాడు 5 పాళ్లు, అనగా లక్షన్నర ఇవ్వవచ్చును. పనివారిని, సామానును చేర్చుకొనుటకు అది అవసరము. ప్లింతు బీము పూర్తి అయిన తరువాత 20 పాళ్లు, 6 లక్షలు. స్లాబు పడిన తరువాత 30 పాళ్లు, 9 లక్షలు. గోడలు, పూత, గోడలలోని గొట్టములు, తీగల పని ముగిసిన తరువాత 20 పాళ్లు, 6 లక్షలు. గచ్చు, తలుపులు, కిటికీలు అయిన తరువాత 15 పాళ్లు, నాలుగున్నర లక్షలు. రంగులు వేసి తాళపుచెవులు అప్పగించినపుడు 5 పాళ్లు, లక్షన్నర. మిగిలిన 5 పాళ్లు ఒక వానకాలము గడచి, కారినవి, బీటలు వారినవి బాగుచేసిన తరువాత. ఈ పాళ్లు వేదవాక్యములు కావు. ఇంటిని బట్టి మారును. మారరానిది ఒక్కటే: ఏ దినమున పని ఆగినను, అప్పటికి మనము ఇచ్చిన సొమ్ము జరిగిన పని విలువకు మించి ఉండరాదు. అట్లుండినచో ఆగిపోయిన పనిని వేరొకరి చేత పూర్తి చేయించుకొనగలము. మా తండ్రిగారి లెక్కలో ఈ తేడా 7 లక్షలు. ఆ 7 లక్షలే మా అమ్మగారి నగలు.

చివర నిలుపుకొను ఆ 5 పాళ్లను గుత్తేదారులు కొందరు అవమానముగా భావింతురు. “ఆపు చేయడమేమిటండీ, మేం పారిపోతామా?” అందురు. నెమ్మదిగా నచ్చజెప్పవలెను. ప్రభుత్వపు పనులలో కూడ ఇట్లు కొంత సొమ్ము నిలుపు ఆచారము కలదు. అదే విధముగా మన పక్షమున కూడ ఒక ధర్మము కలదు: పని ముగిసి, కొలిచి, సరియని తేలిన వారములోనే వాయిదా చెల్లింపవలెను. శనివారము నాడు కూలీలకు బట్వాడా చేయవలసిన మనిషిని యజమాని తిప్పించుకొన్నచో, అతడు పక్కింటి పనికి పోక ఏమి చేయును? డబ్బు పని వెనుక నడవవలెనంటిని; కాని మరీ వెనుకబడరాదు. చెల్లింపులన్నియు బ్యాంకు ద్వారా జరిగినచో రశీదుల తగవు ఉండదు.

చెల్లింపునకు ముందు పనిని చూడవలెను. ఇంటిపనిలో సగము తరువాత కనబడకుండ పోవు పనియే. పునాది మీద మన్ను కప్పిన తరువాత పునాది కనబడదు. కాంక్రీటు పోసిన తరువాత చువ్వలు కనబడవు. పూత పూసిన తరువాత గొట్టములు కనబడవు. కాబట్టి “కప్పుటకు ముందు చూపవలెను” అని ఒక షరతు వ్రాసికొనుడు. పునాదిగోతుల అడుగు, చువ్వల అల్లిక, స్లాబు పోయుటకు ముందరి రోజు, గొట్టములలో నీరు నింపి చేయు పరీక్ష, ఈ నాలుగు సందర్భములలోనైనను మన ఇంజనీరు వచ్చి చూచి సంతకము చేయవలెను. అతడు గుత్తేదారు తెచ్చిన ఇంజనీరు కారాదు; మన డబ్బు పుచ్చుకొన్నవాడై ఉండవలెను. కప్పుటకు ముందు ఫోటోలు తీసి తేదీతో దాచుకొనుడు. పదేండ్ల తరువాత గోడకు మేకు కొట్టునపుడు కూడ అవి పనికివచ్చును.

ఇంజనీరు కాని గృహస్థుడు కూడ చూడదగినవి కొన్ని కలవు. 12 మిల్లీమీటర్ల చువ్వ 12 మీటర్ల పొడవున్నచో దాని తూకము సుమారు 10.7 కిలోలు ఉండవలెను. ఒక చువ్వను తూచినచో లావు తగ్గించిన సరుకు బయటపడును. చువ్వలు నేరుగా సెంట్రింగు పలకలకు ఆనియుండరాదు. వాటి క్రింద చిన్న సిమెంటు బిళ్లలు ఉంచి స్లాబులో 20, స్తంభములలో 40, పునాదులలో 50 మిల్లీమీటర్లు తగ్గకుండ కాంక్రీటు కప్పవలెను. ఈ బిళ్లలు అర్ధరూపాయి వస్తువులని చులకన చేయుదురు. అవి లేని స్లాబున కొన్నేండ్లకు చువ్వలు త్రుప్పుపట్టి పెచ్చులు రాలును. 1000 చదరపు అడుగుల స్లాబు, 5 అంగుళముల మందము అనగా 417 ఘనపుటడుగులు, సుమారు 11.8 ఘనమీటర్లు. ఒకటికి ఒకటిన్నర ఇసుక, మూడు కంకర పాళ్లలో దీనికి సుమారు 95 బస్తాల సిమెంటు పట్టును, దూలములది అదనము. ఆ దినము ఖాళీ సంచులను లెక్కపెట్టుట ఇంటిలోని పిల్లవానికి అప్పగింపదగిన పని.

నీటి సంగతి ఇంకను ముఖ్యము. పలుచని కాంక్రీటు పోయుటకు సులభము; అందుచేత పనివారు నీరు ఎక్కువ పోయుదురు. 50 కిలోల బస్తాకు, ఇసుకలోని తడితో కలిపి, 25 నుండి 27 లీటర్లు దాటరాదు. దాటినచో ఆ నీరు ఎండి, అది ఉన్న చోట కాంక్రీటులో సన్నని రంధ్రములు మిగులును, బలము తగ్గును. పోయునపుడు తక్కువ నీరు, గట్టిపడిన తరువాత ఎక్కువ నీరు, ఇది సూత్రము. జనము దీనికి విరుద్ధముగా చేయుదురు. ఐ.ఎస్. 456 అను భారతీయ ప్రమాణము, 2000 నాటి కూర్పు, ప్రకారము వేడి, పొడి వాతావరణములో కనీసము 10 దినములు తడుపవలెను. బూడిద కలిసిన పి.పి.సి. సిమెంటునకు 14 దినములు మంచిది. స్లాబు మీద మట్టితో గట్లు కట్టి నీరు నిలిపినచో నిశ్చింత. సెంట్రింగు తీయుటలో తొందర పనికిరాదు. అదే ప్రమాణము సాధారణ సిమెంటునకు, నాలుగున్నర మీటర్ల లోపు స్లాబు క్రింది ఆధారములు 7 దినములు, అంతకు మించినచో 14 దినములు ఉంచుమని చెప్పుచున్నది. ఆరు మీటర్ల దూలములకు 14, అంతకు మించినవానికి 21. పి.పి.సి. అయినచో ఇంకను ఆగవలెను. సెంట్రింగు సామాను అద్దెది. మేస్త్రికి త్వరగా తిప్పి పంపవలెనని ఆత్రము. అందుచేత ఈ దినములను కూడ కాగితములో వ్రాసికొనవలెను.

మార్పులు యజమాని చేయు తప్పు. గోడ లేచిన తరువాత, “ఇక్కడ ఒక అలమర ఉంటే బాగుండును” అని ఒకరు, “కిటికీ పెద్దది చేయించండి” అని ఇంకొకరు అందురు. నోటిమాటతో మేస్త్రి పగులగొట్టును, నెలాఖరున దానికి పెద్ద లెక్క వచ్చును, తగవు వచ్చును. మార్పు కావలసివచ్చినచో ఒక చిన్న కాగితము మీద ఏమి మార్పు, ఎంత ఖర్చు, ఎన్ని దినముల ఆలస్యము అని వ్రాసి, ఇద్దరును సంతకము చేసిన తరువాతనే పని చేయింపవలెను. ఇంటిలో ఒక్కరే ఆజ్ఞ ఇవ్వవలెను. తండ్రి ఒకటి, కొడుకు ఒకటి, అల్లుడు ఇంకొకటి చెప్పుచున్నచో ఎంత నేర్పరియైన మేస్త్రికైనను మతిపోవును.

ఇల్లు కట్టువారిలో గుత్తేదారు ఒక్కడే లేడు. పాలమూరు నుండియు, ఉత్తరాంధ్ర నుండియు, ఒడిషా, బీహారు రాష్ట్రముల నుండియు కుటుంబములతో తరలివచ్చి, మన గోడలకు ఇటుకలు మోయువారు ఉన్నారు. పరంజా మీదనుండి ఒక మనిషి పడినచో ఆ ఇంటి గృహప్రవేశము ఎవరికి సంతోషము? రెండవ అంతస్తు పనికి గట్టి పరంజా, అంచున అడ్డుకర్రలు, తలకు టోపీ, నడుమునకు పట్టీ, పనివారందరికి ప్రమాదబీమా, ఇవన్నియు గుత్తేదారు బాధ్యతయని వ్రాసికొని, బీమా కాగితము నకలు అడిగి తీసికొనవలెను. 1996లో భవన నిర్మాణ కార్మికుల కొరకు ప్రత్యేకముగా చట్టము వచ్చినది. దాని క్రింద సంక్షేమ మండలులు ఏర్పడినవి. పనివారు అందులో పేర్లు నమోదు చేసికొనిరా అని అడుగుట మనకు ఖర్చులేని సాయము. త్రాగు నీరు, స్త్రీలకు మరుగు, పసిపిల్లలకు నీడ, వీనిని ఒప్పందములో వ్రాయకున్నను గృహస్థుడు చూడవలెను.

పని చెడినచో దారి యేమి? చాలమంది “రెరా” ఉన్నది గదా అందురు. 2016 నాటి ఆ చట్టము ముఖ్యముగా అమ్మకము కొరకు కట్టు ప్రాజెక్టులను గురించినది. మన స్థలములో మనము కుదుర్చుకొన్న గుత్తేదారుతో తగవునకు అది అక్కరకు రాదు. వినియోగదారుల రక్షణ చట్టము మాత్రము అక్కరకు వచ్చును. 2019 నాటి చట్టములో గృహనిర్మాణము సేవలలో ఒకటిగా చెప్పబడినది. చెల్లించిన ప్రతిఫలము 50 లక్షల లోపు ఉన్నచో జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. అయితే అక్కడ కూడ అడుగునది ఒప్పందము, రశీదులు, ఫోటోలు. అవి లేనివాడు నిజము చెప్పినను నిరూపింపలేడు. మా తండ్రిగారి చేతిలో ఉన్నది నోటుపుస్తకపు అరపుట మాత్రమే. వకీలుగారు దానిని చూచి, మడిచి, మరల వారి చేతికే ఇచ్చిరి.

శ్రోతలలో ఇల్లు కట్టింపనున్న వారికి నా మనవి యొక్కటే. శంకుస్థాపనకు ముహూర్తము పెట్టించుకొనుటకు ముందు, ఒక ఆదివారము భార్యాభర్తలు ఇద్దరు కూర్చుండి, చేరినవాటి జాబితా, చేరనివాటి జాబితా, వాయిదాల పట్టిక వ్రాసికొనుడు. ఆ కాగితమును గుత్తేదారు ముందు పెట్టుడు. దానిని శ్రద్ధగా చదివి, “ఇక్కడ ఈ మాట మారిస్తే నాకూ బాగుంటుందండీ” అని బేరమాడిన మనిషి పనివాడు. చదువకనే “మీ ఇల్లు మా ఇల్లు కాదా” అన్నవానికి నమస్కరించి, ఇంకొకరిని చూచుకొనుడు.

మా అమ్మగారు ఇప్పటికిని ఆ ఇంటిలోనే ఉన్నారు. ఉత్తరపు గోడలో లింటెలు మట్టమున ఒక సన్నని గీత కనబడును. పాత పని ఆగి, క్రొత్త పని మొదలైన చోటు అది. ఎన్నిసార్లు రంగు వేయించినను మరల తేలుచున్నది. చూడ వచ్చినవారు అడిగినచో ఆమె నవ్వి, “అది మా మాస్టారు నేర్చుకున్న పాఠం నాయనా” అనును.